పదమూడో మేకు

కూర్మనాథుడికి ఆ పక్షం రోజులూ మనసు మనసులో లేదు. కారణం చూస్తే పెద్దదేమీ కాదు, ఒక అంకె. పన్నెండు మంది శిష్యులున్న గణితశాలలోకి పదమూడోవాడు వచ్చి కూర్చున్నాడు.

వంశధార సముద్రంలో కలిసే చోట ఇసుకదిబ్బల మీద ఒక తాటితోపు ఉండేది. ఆ తోపులో నాలుగు పాకలు. అదే గణితశాల. నీలాద్రి సిద్ధాంతిగారు అక్కడ గ్రహాల లెక్కా, తిథుల లెక్కా చెప్పేవారు. ఆ చుట్టుపక్కల పంచాంగం చెప్పి బతికేవాళ్లలో సగానికి సగం మంది ఆయన ఇసుకలో వేలు పెట్టి దిద్దుకున్నవాళ్లే. మనిషి బక్కపలచన, మాట అంతకన్నా పలచన. రోజుకి పది మాటలు మాట్లాడారంటే శిష్యులు అది చెప్పుకుని మురిసిపోయేవారు.

కూర్మనాథుడు ఆయన పెద్ద శిష్యుడు. వచ్చి ఎనిమిదేళ్లు. గురువుగారి కుడిపక్కన మొదటి చాప అతనిది. మిగతావాళ్లు లెక్క విని అర్థం చేసుకునేలోపే జవాబు నాలిక చివర పెట్టుకుని కూర్చునేవాడు. బుర్ర పాదరసం అని ఊళ్లో అనేవారు. ఆ మాట అతని చెవినా పడింది, అక్కడే వచ్చింది తంటా. సిద్ధాంతిగారి తర్వాత ఆ పీట తనదేనని లోకం అనుకునేది, అతను కాదనేవాడు కాదు.

శాల నడిపే బాధ్యత కూడా అతని మీదే ఉండేది. అతనికి పన్నెండు అంటే ప్రాణం. వంటకి ముగ్గురు చొప్పున నాలుగు జట్లు, కట్టెలకి నలుగురు చొప్పున మూడు జట్లు, నీళ్లకి ఇద్దరిద్దరు, తాటాకులు సాపు చెయ్యడానికి ఆరుగురు ఈ పూట, ఆరుగురు ఆ పూట. ఎటు కోసినా సమంగా తెగే లెక్క. ఎనిమిదేళ్లలో ఒకడు చదువు ముగించుకుని వెళ్తే నెల తిరక్కుండా ఇంకొకణ్ణి తెచ్చి కూర్చోబెట్టేవాడు గానీ ఆ పన్నెండు చెదరనివ్వలేదు.

ఇక ఆ పదమూడోవాడు. పేరు మైలపిల్లి దానయ్య. వలలు అల్లి బతికేవాడు. నలభై దాటిన మనిషి, ఉప్పుగాలికి ఆరిన ఒళ్లు, చేతులు తాళ్లు లాగి లాగి మొద్దుబారినవి. చంకలో ఒక మూట, భుజం మీద సగం అల్లిన వల. వచ్చి గురువుగారి ముందు నేల మీద కూర్చున్నాడు, వచ్చిన పనేమిటో చెప్పాడు.

వాళ్ల పేటలో పడవలు ఏటి మొగ దాటి సముద్రంలోకి పోవాలి. అమావాస్యకీ పున్నమికీ పోటు పెద్దది, అప్పుడు మొగలో పడవ నిలవదు. మామూలు రోజుల్లో చంద్రుణ్ణి చూసుకుని ఆగేవాళ్లు. ముసురు పడితే మాత్రం పది, పదిహేను రోజులు ఆకాశమే కనపడదు, తిథి కోసం ఆరు కోసుల దూరంలో ఉన్న అయ్యగారికి కబురు పెట్టేవాళ్లు. పోయిన శ్రావణంలో కబురు ఒకరోజు ఆలస్యంగా వచ్చింది. నాలుగు పడవలు వెళ్లాయి, మూడు తిరిగొచ్చాయి. రాని పడవలో దానయ్య తమ్ముడు ఉన్నాడు.

"ముసురేస్తే సందమామ అగుపడడు బాబూ. అగుపడకపోయినా ఆయన ఎక్కడున్నాడో నాకు తెలియాల. అదొక్కటీ నేర్పండి, ఎల్లిపోతాను" అన్నాడు దానయ్య.

సిద్ధాంతిగారు ఆ మనిషి చేతులకేసి కాసేపు చూసి, కూర్చోమన్నారు. ఎక్కడ కూర్చోవాలో చెప్పలేదు. కూర్మనాథుడు చెప్పాడు. అయ్యవారు ఏ సంగతీ తేల్చేదాకా చాపల వరసకి అవతల, తడిక పక్కన కూర్చోమన్నాడు. దానయ్య అలాగే అని అక్కడ కూర్చుని, ఆ పక్షమంతా వల అల్లుకుంటూ పాఠం చూస్తూ ఉండిపోయాడు.

ఆ పాఠం నడిచే పద్ధతి ఒకటి ఉంది, అది చెప్పాలి. శిష్యులు గుండ్రంగా కూర్చునేవారు. శాలంతటికీ ఇసుక పోసిన పలక ఒక్కటే. పలక ఎవరి ఒళ్లో ఉంటే లెక్క వాడిది. గురువుగారు లేచి వెళ్లి వాడి పక్కన కూర్చుంటారు, వాడి వేలు తప్పితే తన వేలుతో దిద్దుతారు. మిగతావాళ్లు విని ఊరుకోవడమే. అంటే పలక దగ్గరుంటే గురువు దగ్గరున్నట్టు.

పలక ఎవరికి పోవాలన్నది తిథి చెప్పేది. పొద్దున మొదటి చాప దగ్గర మొదలవుతుంది. విదియ అయితే అక్కణ్ణుంచి కుడివైపు రెండోవాడికి, వాడి దగ్గర్నుంచి మళ్లీ రెండోవాడికి. తదియ అయితే మూడోవాడికి, చవితి అయితే నాలుగోవాడికి. ఎంతమంది శిష్యులుంటే రోజుకి అన్ని లెక్కలు. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పున్నమి, అమావాస్యలకి చదువు లేదు. ఎవరిమీదా పక్షపాతం లేకుండా చంద్రుడే పంచిపెడతాడని గురువుగారి గురువుగారి కాలంలో పెట్టిన ఆచారం అది. అప్పట్లో ఎంతమంది ఉండేవారో ఎవరికీ గుర్తు లేదు.

అమావాస్య నాడు కూర్మనాథుడు ఇక ఆగలేక గురువుగారి దగ్గరికి వెళ్లాడు. దానయ్యని పంపించెయ్యాలన్నాడు. కులం మాట ఎత్తలేదు, శాలలో ఆ మాట ఎత్తకూడదని నియమం. వయసు మాటా ఎత్తలేదు. లెక్క మాట ఎత్తాడు. మంచి చదువుకున్నవాడు కదా, మనసులో ఉన్నదానికి మర్యాదైన బట్ట కట్టడం వచ్చు.

"పదమూడు ఎటూ తెగదు అయ్యవారూ. ఇద్దరిద్దరిని కలిపితే ఒకడు మిగులుతాడు, ముగ్గురు చొప్పున కలిపినా ఒకడే, నలుగురు చొప్పునా ఒకడే, ఆరుగురు చొప్పునా ఒకడే. ఎలా పంచినా ఆ ఒక్కడూ మిగిలిపోతాడు. శాల నడవదు."

సిద్ధాంతిగారు అంతా విన్నారు. వినడంలో ఆయనకి ఎప్పుడూ తొందర లేదు.

"అతను ఉండాలో వెళ్లాలో రేపు నువ్వే చెప్పు. పొద్దున పన్నెండు మేకులు చెక్కి తీసుకురా" అన్నారు.

తడిక పక్కనున్న దానయ్యకి ఈ మాటలు వినపడ్డాయి. సగం అల్లిన వల మడతపెట్టి మూటలో కట్టుకున్నాడు.

మర్నాడు పాడ్యమి, చదువు లేదు. కూర్మనాథుడు తెల్లవారగానే తాటికమ్మలు చెక్కి జానెడేసి మేకులు పన్నెండు తెచ్చాడు. గురువుగారు ఇసుకలో పెద్ద సున్నా గీసి వాటిని సమదూరాన పాతమన్నారు. పన్నెండు చాపలకీ పన్నెండు మేకులు. తర్వాత దానయ్యని పిలిచి, వల అల్లే నూలు ఏమైనా ఉందా అని అడిగారు. దానయ్య మూటలోంచి కొబ్బరికాయంత ఉండ తీసి ఇచ్చాడు.

చెయ్యవలసిన పని ఇది. నూలే పలక అనుకోవాలి. మొదటి మేకు కూర్మనాథుడిది. విదియ మొదలు త్రయోదశి దాకా, చదువున్న ఒక్కొక్క తిథికీ పలక ఎలా నడుస్తుందో నూలు అలాగే నడవాలి. పలక ఎవరికి అందితే వాడి మేకుకి ఒక చుట్టు. అంతే. గురువుగారు ఆ నాలుగు ముక్కలూ చెప్పి వెళ్లి పాక నీడలో కూర్చున్నారు.

కూర్మనాథుడు లోపల సంతోషించాడు. ఇదేదో కొత్త లెక్క, తనకి పెట్టిన పరీక్ష అనుకున్నాడు. సెలవు కావడంతో మిగతావాళ్లు కూడా చుట్టూ చేరారు. నూలు ఉండ పట్టుకోడానికి సింహాద్రి ముందుకొచ్చాడు.

ఈ సింహాద్రీ కూర్మనాథుడూ ఒకే ఊరివాళ్లు. ఎనిమిదేళ్ల కిందట ఒకే బండి ఎక్కి ఈ తోపు దగ్గర దిగారు. బండిలోంచి ముందు దూకినవాడికి మొదటి చాప, తర్వాత దిగినవాడికి దాని పక్క చాప దొరికాయి. సింహాద్రి చదువులో వెనకపడ్డాడు. భిన్నాలు కూడితే తప్పు, గుణిస్తే తప్పు. కూర్మనాథుడు అతన్ని నలుగురిలో మొద్దు అని పిలిచేవాడు, సింహాద్రి నవ్వి ఊరుకునేవాడు. మొన్న దశమి నాడు మాత్రం, ఈ చదువు తన నుదుట రాసి లేదని, ఊరికి పోయి నాగలి పట్టుకుంటానని చెప్పాడు. కూర్మనాథుడు ఉండమనలేదు. వాడి బదులు ఎవర్ని తెచ్చి పన్నెండు పూర్తి చెయ్యాలా అని ఆలోచించాడు.

సరే, నూలు నడిచింది. విదియ నాడు ఒకటి విడిచి ఒకటి, ఆరు మేకులు తాకి మళ్లీ మొదటికొచ్చింది. ఆరింటికీ రెండేసి చుట్లు. తదియ నాడు నాలుగు మూలల పీట తయారైంది, నాలుగు మేకులకీ మూడేసి చుట్లు. చవితి నాడు మూడు మేకులతో ముక్కోణం. చూడ్డానికి ముచ్చటగా ఉంది. పంచమి నాడు నూలు అన్ని మేకులూ తిరిగింది. షష్ఠి నాడు ఎదురుబొదురుగా ఉన్న రెండు మేకుల మధ్యే అటూ ఇటూ ఆరేసి సార్లు తిరిగి కూర్చుంది. కూర్మనాథుడు తలెత్తకుండా చుట్టుకుంటూ పోయాడు. సప్తమి, నవమి, దశమి, ఏకాదశి.

ద్వాదశి వచ్చింది. మొదటి మేకు నుంచి పన్నెండు లెక్కపెడితే మళ్లీ మొదటి మేకే. నూలు ఇంకెక్కడికీ పోదు. ఉన్నచోటే పన్నెండు చుట్లు చుట్టాలి. సింహాద్రి ఉండ వదులు చేస్తూ నిలబడ్డాడు, కూర్మనాథుడు తన మేకుకి తానే చుట్టుకున్నాడు. ఏడో చుట్టు దగ్గర చెయ్యి కొంచెం ఆగింది. మళ్లీ చుట్టాడు. త్రయోదశి కూడా అయ్యాక లేచి నిలబడ్డాడు.

గురువుగారు పాక నీడలోంచి వచ్చి చూశారు.

"ఇప్పుడు లెక్కపెట్టు" అన్నారు.

లెక్కపెట్టనక్కర్లేదు, కళ్లకి కనపడుతూనే ఉంది. మొదటి మేకు నూలు నిండిన కదురులా ఉబ్బిపోయి ఉంది. అయినా గురువాజ్ఞ. కూర్మనాథుడు వంగి వేలితో ఒక్కొక్క చుట్టూ లెక్కపెట్టాడు. తన మేకుకి ముప్పయ్యారు. ఎదురు మేకుకి ఇరవై. మిగతా వాటిలో కొన్నిటికి పన్నెండు, పది, ఎనిమిది. ఆఖర్న తన పక్కనే ఉన్న మేకు దగ్గరికి వచ్చాడు. అది సింహాద్రిది. దానికి నాలుగే చుట్లు ఉన్నాయి.

ఒకసారి లెక్కపెట్టి, నమ్మకం కుదరక మళ్లీ లెక్కపెట్టాడు. నాలుగే.

పక్షానికి ముప్పయ్యారు సార్లు గురువు తన పక్కన కూర్చున్నాడు. తన పక్కవాడి పక్కన నాలుగు సార్లు కూర్చున్నాడు. ఒకటి కాదు రెండు కాదు, ఎనిమిదేళ్లు. సూర్యుడు ఏ రాశిలో ఏ ఘడియకి అడుగు పెడతాడో చెప్పగలిగినవాడికి, కళ్లముందు చేతులు మారే పలక ఎవరి దగ్గర ఆగుతోందో చూసుకోవాలని తోచలేదు. తోచవలసిన అవసరం అతనికి రాలేదు మరి. పలక ఎప్పుడు చూసినా తన ఒళ్లోనే ఉండేది. రానివాళ్లు అడగలేదు. తమది మందబుద్ధి అని వాళ్లకి ఎప్పుడో నచ్చజెప్పేశారు, చెప్పినవాళ్లలో మొదటివాడు తనే.

అతను సింహాద్రి వైపు చూడలేకపోయాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

గురువుగారు దెప్పలేదు. నూలంతా విప్పమన్నారు. విప్పి, చుట్టి, సింహాద్రి చేతికి ఉండ ఇచ్చేసరికి బారెడు పొద్దెక్కింది. అప్పుడు ఆయన తోపులోకి వెళ్లి ఇంకొక తాటికమ్మ ముక్క స్వయంగా విరిచి తెచ్చి దానయ్య చేతికిచ్చారు. దానయ్య కత్తితో నాలుగు వేట్లు వేసి దాన్ని మేకు చేశాడు. పాత మేకులు పీకి, సున్నా మీద పదమూడూ సమదూరాన మళ్లీ పాతారు.

"మళ్లీ చుట్టు" అన్నారు గురువుగారు.

కూర్మనాథుడు ఒక మేకు దగ్గర మొదలుపెట్టాడు. ముడి దానయ్య వేశాడు. వల అల్లేవాళ్లకి ముడి కనపడనివ్వకూడదని పట్టింపు, కొసని చుట్టు కిందకి తోసి నున్నగా చేసేశాడు.

విదియ నాడు నూలు ఆరు మేకులు తాకి మొదటికి రావాలి. రాలేదు. ఒక్క మేకు ఇవతల ఆగింది. అక్కణ్ణుంచి రెండు వేస్తే మొదటి మేకు దాటిపోయి, ఇందాక విడిచిపెట్టిన వాటి మీద కాలు పెట్టింది. ఆ రెండో చుట్టులో మిగతావన్నీ తాకి, అప్పుడు గానీ మొదటికి రాలేదు. సరే, రెండు చిన్న అంకె అనుకున్నాడు. చవితి చూద్దామనుకున్నాడు. ఇందాక మూడు మేకుల ముక్కోణం అయిన చవితి ఇప్పుడు మూడు అడుగులు వేసి, మొదటి మేకుకి ఒక్కటి తక్కువలో నిలబడిపోయింది. రెండో చుట్టులో ఇంకో మూడు, మూడో చుట్టులో ఇంకో మూడు. నాలుగు చుట్లు తిరిగితే పదమూడూ అయ్యాయి. ఒక్కటి వదల్లేదు, ఒక్కదాన్ని రెండోసారి ముట్టుకోలేదు.

అతనికి పంతం వచ్చింది. ఇక్కడి దాకా శిష్యుడు చుట్టాడు, ఇక్కణ్ణుంచి గణితజ్ఞుడు చుట్టాడు. ఏదో ఒక తిథికి ఈ పదమూడు లొంగకుండా ఎక్కడికి పోతుందని మోకాళ్ల మీద కూర్చున్నాడు. షష్ఠి పెద్దది, సగానికి దగ్గర, అది తప్పకుండా రెండు మేకుల మధ్యే ఇరుక్కుంటుంది అనుకున్నాడు. రెండు అడుగుల్లో నూలు మొదటి మేకు పక్కకొచ్చింది, ముట్టుకోలేదు, పక్కమేకు పట్టుకుని మళ్లీ బయల్దేరింది. ఒక్కొక్క రేఖా ముందటి రేఖ పక్కనే పడుతూ, మధ్యలో చిన్న ఖాళీ వదిలి, పదమూడు కొనల నక్షత్రం తేలింది.

సప్తమి చుట్టేటప్పుడు ఇంకో వింత కనపడింది. నూలు సరిగ్గా షష్ఠి వేసిన రేఖల మీదే పోతోంది, వెనక నుంచి ముందుకి. ఆరూ ఏడూ కలిస్తే పదమూడు. అలాగే నవమి నడిచింది చవితి దారినే, దశమి నడిచింది తదియ దారినే, ఏకాదశి విదియ దారినే. ఎవరి దారిలో వాళ్లు ఎదురొచ్చి ఒకర్నొకరు తప్పుకుని పోతున్నారు. అతనికి ఒళ్లు గగుర్పొడిచింది. ఇన్నేళ్లూ పదమూడంటే పన్నెండుకి పట్టిన పీడ అనుకున్నాడు. దాని లోపల ఇంత అందం దాగుందని ఎవరైనా చెప్పినా నమ్మేవాడు కాదు.

ద్వాదశి మిగిలింది. ఇందాక పన్నెండు చుట్లూ తన ఒక్క మేకుకే పడిన తిథి. కూర్మనాథుడు పన్నెండు లెక్కపెట్టాడు. నూలు తన ఎడమ పక్క మేకు మీద ఆగింది. అక్కణ్ణుంచి మళ్లీ పన్నెండు, దాని ఎడమ పక్కకి. అలా ఒక్కొక్కరినే పలకరించుకుంటూ, ఎవర్నీ దాటకుండా, వెనకవైపుగా చుట్టూ నడిచి ఇంటికొచ్చింది. తను ఒక్కడే అనుభవించిన రోజు పదమూడు మందికీ తలా ఒక చుట్టుగా పంచిపెట్టేసింది.

ఇక త్రయోదశి ఉంది. అతను మొదటి మేకు నుంచి పదమూడు లెక్కపెట్టాడు, వేలు మళ్లీ మొదటి మేకు మీదే పడింది. ఇంకోసారి లెక్కపెట్టాడు. అంతే. ఈ ఒక్క రోజు పలక కదలదు. పదమూడు లెక్కలూ మొదటి చాపవాడివే.

ఎవరూ గమనించలేదు. గురువుగారు పాక నీడలో కళ్లు మూసుకున్నట్టు ఉన్నారు. పదిరోజులు అందరికీ సమంగా పోయాక ఒక్కరోజు తనకి మిగిలితే తప్పేముంది అని ఒక ఆలోచన వచ్చిన మాట నిజం. వచ్చింది, కాసేపు కూర్చుంది కూడా. అతను నూలు చేత్తో పట్టుకుని దానితో కుస్తీ పట్టాడు. తర్వాత లేచి పాక దగ్గరికి నడిచాడు.

"అయ్యవారూ, త్రయోదశి నాడు ఎవరికీ అందదు. నాకొక్కడికే అందుతుంది" అన్నాడు.

సిద్ధాంతిగారు కళ్లు తెరిచారు. ఆ ముసలి మొహంలో ఎన్నడూ లేని వెలుగు వచ్చింది.

"త్రయోదశి ప్రదోషం కదా. శివుడు ఆడుకునే పూట. మనమూ సెలవు తీసుకుందాం" అన్నారు.

కుర్రశిష్యులు కొందరు నవ్వారు. చదువు లేని రోజు ఒకటి పెరిగిందంటే ఎవరికి చేదు. కూర్మనాథుడు తిరిగి వెళ్లి నూలు తెంపాడు. దానయ్య వంగి ఆ కొసని కూడా కనపడకుండా లోపలికి తోసేసి, అలవాటు కొద్దీ అల్లికంతా ఒకసారి అరచేత్తో నొక్కి చూశాడు. ఎక్కడా వదులు లేదు, ఎక్కడా బిగువు లేదు.

"పాతికేళ్లు అల్లాను బాబూ, ఇలాటి వల నా సేత కాలేదు" అన్నాడు.

గురువుగారు మెల్లగా లేచి వచ్చారు. అందరూ దారి ఇచ్చారు. ఆయన చాలాసేపు దాన్ని చూస్తూ నిలబడ్డారు, ఎన్నో ఏళ్ల తర్వాత ఇంటికొచ్చిన మనిషిని చూసినట్టు చూశారు. తర్వాత కూర్మనాథుడి భుజం మీద చెయ్యి వేశారు.

"నాయనా, ఇందులో నీ మేకు ఏది?"

కూర్మనాథుడు చూశాడు. ఇక్కడే ఎక్కడో మొదలుపెట్టాడు. ఒక మేకు దగ్గరికి వెళ్లి చుట్లు లెక్కపెట్టాడు, పది. దాని పక్కదానికి లెక్కపెట్టాడు, పది. ముడి కోసం వేలితో తడిమాడు, దొరకలేదు. లేచి రెండో పక్కకి వెళ్లాడు. అక్కణ్ణుంచి చూసినా అదే నక్షత్రం, అన్నే కొనలు. ఎక్కడ నిలబడి చూస్తే అదే మొదలులాగా ఉంది. చుట్టూ ఒకసారి తిరిగాడు, రెండోసారి తిరిగాడు. మిగతా పన్నెండు మందీ, గురువుగారూ అతన్నే చూస్తున్నారు. అతనికి కళ్లు చెమర్చాయి, తుడుచుకోలేదు.

"తెలియడం లేదు అయ్యవారూ" అన్నాడు.

సిద్ధాంతిగారు తలూపారు. ఆ తర్వాత ఆయన చెప్పింది శాలలో ఎవరూ మరిచిపోలేదు, ఎందుకంటే అన్ని మాటలు ఆయన ఒక్కసారి మాట్లాడగా వాళ్లు వినలేదు. ఇదంతా తను కనిపెట్టింది కాదన్నారు. పక్షం రోజులు తడిక పక్కన కూర్చుని దానయ్య తనని ఒకే ఒక్క మాట అడిగాడట, ఆ పక్కచాప బాబుకి పలక ఎందుకు రాదు అని. తనకి జవాబు దొరక్క అర్ధరాత్రి దాకా పొర్లారట.

"ముప్పయ్యేళ్లు లోపల కూర్చున్నాను. నాకు కనపళ్లేదు" అన్నారు.

అని, ఇక మాటలు అయిపోయినట్టు ఆగి, నిన్న తను అడిగినదానికి జవాబు చెప్పమని కూర్మనాథుడికేసి చూశారు. దానయ్య మూట తడిక పక్కన కట్టి ఉంది. దానయ్య కూడా నిలబడి చూస్తున్నాడు. పొమ్మంటే పోవడానికి సిద్ధంగా ఉన్నాడు, కానీ మొహంలో ఆ తమ్ముడి పడవ కనపడుతూనే ఉంది.

"అతను వెళ్లడానికి వీల్లేదు. వెళ్తే మనం మళ్లీ పన్నెండు మందిమి అవుతాం" అన్నాడు కూర్మనాథుడు.

దానయ్య రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టబోయాడు. కూర్మనాథుడు ఆ చేతులు పట్టుకుని కిందకి దించాడు.

కట్టెల జట్ల సంగతి, వంట జట్ల సంగతి ఎవరో అడిగారు. ఎలాగో అవుతుందిలే, మిగిలినవాడు ఏ జట్టులో దూరితే ఆ జట్టుకి పని తేలిక అన్నాడు. ఆ మాట అతని నోట వస్తుందని నిన్న ఎవరూ అనుకోలేదు.

మర్నాడు విదియ. తెల్లవారేసరికి కూర్మనాథుడు పదమూడు చాపలూ గుండ్రంగా పరిచి, పలకలో కొత్త ఇసుక పోసి చదును చేసి, చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. అందరూ వచ్చి ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చున్నారు. దానయ్య కూర్చున్నాడు. ఊరికి పోవడానికి బండి మాట్లాడుకున్న సింహాద్రి కూడా, ఈ ఒక్కరోజూ చూసి పోదామని వచ్చి కూర్చున్నాడు.

గురువుగారు వచ్చారు.

"ఎవరి దగ్గర మొదలుపెట్టమంటారు అయ్యవారూ?" అని అడిగాడు కూర్మనాథుడు.

"ఎవరి దగ్గరైనా" అన్నారు ఆయన.

కూర్మనాథుడు గుండ్రానికి అడ్డంగా నడిచి వెళ్లి పలకని సింహాద్రి ఒళ్లో పెట్టాడు. సింహాద్రి ఇదేమైనా వేళాకోళమా అని అతని మొహంలోకి చూశాడు. గురువుగారు వచ్చి పక్కన కూర్చున్నారు. సింహాద్రి ఇసుకలో వేలు పెట్టాడు.